ఇంట్లో చదువుకోవడానికి ఏ చోటు మేలు?

ప్రశ్న:

నమస్కారం. నేను ఒక పోటీ పరీక్షకు ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్నాను. ఇన్నాళ్లూ పడకగదిలో మంచం మీదే, గోడకు దిండు ఆనించుకొని, ఒళ్లో పుస్తకం పెట్టుకొని చదువుతూ వచ్చాను. మొదటి అరగంట బాగానే సాగుతుంది గాని, ఆ తరువాత మెడ లాగడం మొదలవుతుంది, ఇంకాసేపటికి కునుకు పడుతుంది. తీరా రాత్రి పడుకుంటే నిద్ర పట్టదు. అందుకే చోటు మార్చాలని నిశ్చయించుకున్నాను. పడకగదిలోనే కిటికీ కింద చిన్న బల్ల వేసుకోవచ్చు, లేదా హాలులోని భోజనాల బల్ల దగ్గర కూర్చోవచ్చు. హాలులో గాలి, వెలుతురు బాగుంటాయి, బల్ల కూడా పెద్దది. కాని అక్కడ ఇంట్లోవాళ్ల మాటలు, టీవీ వార్తలు ఆగవు. శబ్దం ఎంత తగ్గించినా నా మనసు అటే పోతుంది. ఇది నా ఏకాగ్రతలోని లోపమా, చోటులోని లోపమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

ముందుగా, అది మీ లోపం కాదని తెలుసుకోండి. మనిషి మాట చెవిన పడుతున్నప్పుడు వరుసగా గుర్తుంచుకోవలసిన విషయం చెదిరిపోతుందని 1976లో కోల్, వెల్ష్ అనే పరిశోధకులు చూపించారు. విశేషమేమిటంటే, వారు వినిపించినది ఆ ప్రయోగంలో పాల్గొన్నవారికి తెలియని జర్మన్ భాష. అర్థం కాకపోయినా జ్ఞాపకం దెబ్బతిన్నది. మాటల ధ్వనిని తగ్గించినంత మాత్రాన ఈ ఇబ్బంది పెద్దగా తగ్గదని తరువాతి ప్రయోగాలలో తేలింది కాబట్టి, టీవీ శబ్దం తగ్గించి సర్దుకుందామన్న ఆలోచన వల్ల మీకు ఒరిగేది తక్కువ. ఒకే తీరుగా సాగే ఫ్యాను చప్పుడు ఇంతగా బాధించదు. కనుక బల్ల చిన్నదైనా పడకగదినే ఎంచుకోండి. ఇంట్లోవాళ్లను రోజంతా మౌనంగా ఉండమనడం న్యాయం కాదు, అది జరిగే పని కూడా కాదు.

రెండవ సమాధానం:

పడకగది మంచిదే, అయితే బల్లను కిటికీకి ఎదురుగా వేయకండి. పగటి వెలుగు నేరుగా కళ్లలో పడితే పుస్తకం మీది అక్షరాలు మసకగా తోస్తాయి, కళ్లు త్వరగా అలసిపోతాయి. కిటికీ మీ వీపు వైపు ఉంటే మీ నీడ మీ పుస్తకం మీదే పడుతుంది. కుడిచేతితో రాసేవారికి కిటికీ ఎడమవైపు ఉండాలి. అప్పుడు రాస్తున్న అక్షరం మీద చేతి నీడ పడదు. రాత్రి వేళ టేబుల్ ల్యాంపును కూడా అటువైపే పెట్టుకోండి. చదివే బల్ల మీద సుమారు 500 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఉండాలని సాధారణంగా చెబుతారు. గది మధ్యలోని ఒక్క దీపంతో, అందులోనూ అది మన వెనుక ఉన్నప్పుడు, అంత వెలుగు అందడం కష్టం.

బల్ల కన్నా కుర్చీ గురించి ఎక్కువ ఆలోచించండి అన్నది నా గట్టి అభిప్రాయం. మామూలు బల్లలు 72 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటాయి. కుర్చీలో కూర్చొని మోచేతులు మడిచినప్పుడు అవి దాదాపు బల్ల ఎత్తుకు రావాలి, పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. కుర్చీ ఎత్తు పెంచితే పాదాలు వేలాడతాయనుకుంటే కింద ఒక చెక్క పలక వేసుకోండి. మీ మెడనొప్పికి ఒళ్లో పుస్తకం పెట్టుకొని తల వంచడమే కారణమని నాకు అనిపిస్తోంది. పుస్తకాన్ని ఏటవాలుగా నిలబెట్టి, కళ్లకు 35, 40 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే తల అంతగా వంచనక్కరలేదు.

మూడవ సమాధానం:

పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే, నిద్ర గురించి ఒక మాట. మంచం మీద చదవడం, తినడం, ఫోను చూడడం అలవాటైతే మంచానికీ నిద్రకూ మధ్య ఉన్న ముడి సడలిపోతుంది. నిద్రలేమికి 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతిలో మొదటినుంచీ ఉన్న నియమం ఇదే: మంచాన్ని నిద్రకే కేటాయించాలి. మీరు పడకగదిలోనే ఉంటారు కాబట్టి, కూర్చున్నప్పుడు మంచం కంటపడకుండా చూసుకోండి. తలుపులు, కిటికీలు అన్నీ మూసుకొని గంటల తరబడి కూర్చోకండి. గాలి ఆడని గదిలో తల బరువెక్కి మగత కమ్ముతుంది.

అయితే ఒకే చోటును పట్టుకొని ఉండడం కూడా మంచిది కాదు. 1978లో స్మిత్, గ్లెన్‌బర్గ్, బ్యోర్క్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, ఒకే పదాల పట్టికను రెండు వేర్వేరు గదులలో చదివినవారు, రెండుసార్లూ ఒకే గదిలో చదివినవారి కన్నా ఎక్కువ పదాలు గుర్తుచేసుకున్నారు. పరీక్ష మీ బల్ల దగ్గర జరగదు కదా. కొత్త పాఠం బల్ల దగ్గర చదవండి, పునశ్చరణ మాత్రం హాలు ఖాళీగా ఉండే వేళ చూసుకొని అక్కడ చేయండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. నాది ఎడమచేతి వాటం, ఆ మాట ముందే చెప్పవలసింది. అందుకని కిటికీ కుడివైపు వచ్చేలా బల్లను తిప్పాను. దానితో మంచం వీపు వెనక్కి వెళ్లింది. కుర్చీ ఇంకా ఎత్తు తక్కువగా ఉంది కాబట్టి ప్రస్తుతానికి దుప్పటి మడిచి వేసుకున్నాను. ఉదయం ఇంట్లోవాళ్లు లేవకముందు ఒక గంట హాలులో పునశ్చరణ చేస్తున్నాను.