సమస్య: ఒకటి కొకటి కలుప నొకటె యగును

రాజమండ్రి మాస్టారు: ఈ వారం ఆటవెలది. బూలియన్ బీజగణితం, అంటే నిజాన్ని 1గా, అబద్ధాన్ని 0గా పట్టే లెక్క, దాని మీదే పూరించాలి. 1847లో మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. ఆ లెక్కకు పేరిచ్చిన జార్జ్ బూల్ తర్కం మీద రాసిన తొలి పుస్తకం కూడా ఆ ఏడాదిదే.

అమలాపురం తమ్ముడు:
బూలు నాడు చెప్పె పొత్తము లోపల
కొత్త లెక్క యొకటి కూర్చి చూపి
కలుపు గుర్తు లోన ఘనమైన యర్థమ్ము
ఒకటి కొకటి కలుప నొకటె యగును

మాస్టారు: యతులు కుదిరాయి తమ్ముడూ. 'ఘనమైన' మాత్రం యతి కోసమే వచ్చింది. అసలు తప్పు మొదటి పాదంలో ఉంది. ఈ మాట బూల్ చెప్పలేదు, చెప్పినా ఒప్పుకోలేదు! ఒక గుంపును అదే గుంపుతో గుణిస్తే అదే వస్తుందన్నాడు, అంతవరకే. ఆయన కూడిక ఉమ్మడి సభ్యులు లేని గుంపులకే. కూడినా అదే గుంపు రావాలని 1863లో జెవన్స్ అనే తర్కవేత్త ఉత్తరాలు రాస్తే కాదన్నాడు. జెవన్స్ వదల్లేదు, 1864లో తన పుస్తకంలో ఆ నియమం పెట్టాడు. ఆ డిసెంబరులోనే బూల్ పోయాడు. నాకు ఈ చరిత్రలో ఎంతో ఇష్టమైన ఘట్టం ఇది.

రాజోలు అక్క:
చేను తడిసె నేని చెప్పుదు నొకటని
ఎండె నేని సున్న యెంచి చూడ
రెండు తూము లెత్త రెట్టింపు కాదయా
ఒకటి కొకటి కలుప నొకటె యగును

తమ్ముడు: రెండు తూములెత్తితే నీరు ఎక్కువ రాదా అక్కా?

అక్క: నీరెంతని కాదురా, చేను తడిసిందా లేదా అన్నదే ప్రశ్న. అందుకే మొదటి రెండు పాదాలూ దానికే ఇచ్చాను.

మాస్టారు: ఈ వారానికి ఇదే మేలైన పూరణ అమ్మా. మన కాలవ గట్టు మీద నిలబడి చెప్పినట్టుంది.

భీమవరం అన్న: మాస్టారూ, మరి ఇది స్వీకృతమా (రుజువు లేకుండా ఒప్పుకునేదా), సిద్ధాంతమా (రుజువు చేసేదా)?

మాస్టారు: 1904లో హంటింగ్టన్ అనే గణితవేత్త ఇచ్చిన స్వీకృతాల్లో ఇది లేదు, వాటి నుంచే రాబట్టాలి. అ′ అంటే అ కానిది అనుకోండి; ఆ రెంటినీ గుణిస్తే 0, కూడితే 1.
అ = అ+0 = అ+(అ·అ′) = (అ+అ)·(అ+అ′) = (అ+అ)·1 = అ+అ.
గుణకారం మీద కూడికను పంచే మెట్టు చూడండి, మామూలు అంకెలకు అది చెల్లదు. 1933లో ఆయనే మూడు స్వీకృతాలకు కుదించాడు. అందులో ఒకదాన్ని ఇంకా సులువు చేస్తే చాలదా అని రాబిన్స్ అనే గణితవేత్త అడిగాడు. చాలునని 1996లో మెక్‌కూన్ రాసిన కంప్యూటర్ ప్రోగ్రామ్ నిరూపించింది.

తమ్ముడు: దిద్దుకున్నానండి.
బూలు వలదు వలదు పొమ్మని యన్నను
జెవను విడువ లేదు చేతి కలము
గుంపు తోడ గుంపె కూడిన గుంపౌను
ఒకటి కొకటి కలుప నొకటె యగును

మాస్టారు: శభాష్! జెవన్స్‌ను 'జెవను' చేయడం పద్యంలో చెల్లుతుంది. మూడో పాదంలో 'గుంపె' అన్న ఏకారం వల్లే అదే గుంపన్న అర్థం నిలిచింది, దాన్ని కదపొద్దు. వచ్చే వారం కందం.