కవబె నది మీద డ్యామ్ కట్టాలా వద్దా? హితోయోషి ఊరి సంగతి

కుమమోతోవాసి:
ఉద్యోగం వల్ల నేను జపాన్‌లో కుమమోతోలో ఉంటున్నా. పోయిన వారం దక్షిణాన ఉన్న హితోయోషికి వెళ్లొచ్చాను, అప్పట్నుంచి మనసు మనసులో లేదు. చిన్న పట్టణం, చుట్టూ కొండలు, నడుమ పళ్లెంలాంటి నేల, ఊరి మధ్య నుంచి కుమా నది. 2020 జూలై 4 తెల్లవారుజామున ఈ నది ఊరి మీద పడింది. 1965 నాటి పెద్ద వరద కంటే చాలా ఎత్తుకి నీళ్లొచ్చాయి, ఊళ్లోనే ఇరవై మంది దాకా పోయారు. కింద కుమా గ్రామంలో వృద్ధుల ఆశ్రమంలో 14 మంది. నది ఒడ్డున ఇళ్లు పోయిన చోట్ల ఇప్పటికీ ఖాళీ జాగాలు కనబడుతున్నాయి.

ఊరికి కాస్త పైన కలిసే కవబె ఉపనది మీద డ్యామ్ కట్టాలని 1966లోనే ప్రకటించారు. 2008లో కుమమోతో ప్రాంత గవర్నర్ కబషిమా వద్దన్నాడు, 2020 వరద తర్వాత నవంబరులో ఆయనే కట్టాలన్నాడు. నేనైతే కట్టాలనే అంటాను. మీరేమంటారు?

నీటిలెక్క:
కట్టాలి. అక్కడి నేల వాలు చూస్తే విషయం అర్థమవుతుంది. కొండల్లో పడ్డ నీళ్లన్నీ ఆ పళ్లెంలోకి దిగుతాయి, పళ్లెం దాటగానే నది ఇరుకు లోయలో దూరుతుంది. లోపలికి వచ్చినంత వేగంగా బయటికి పోలేవు, అందుకే ఊళ్లో నీళ్లు ఎగదన్నుతాయి. ఆ ఇరుకులో కరకట్టలు ఎంత ఎత్తు పెంచినా లాభం తక్కువ. ఆ డ్యామ్ ముందే ఉండి ఉంటే 2020లో హితోయోషిలో మునిగిన ప్రాంతం దాదాపు 60 శాతం తగ్గేదని కేంద్ర మంత్రిత్వ శాఖ లెక్కగట్టింది. ఇంకా వద్దంటే ఎలా?

ఏటిగట్టు:
ఆ లెక్కలో ఒకటి వదిలేశారు. హితోయోషిలో చనిపోయినవాళ్లలో చాలామందిని ముంచింది పెద్ద నది కాదు, ఊళ్లోకి దిగే యమద లాంటి చిన్న ఏళ్లు అని స్థానిక సంఘాలు ఇంటింటికీ తిరిగి విచారించి చెబుతున్నాయి. దానికి కవబె డ్యామ్ ఏం చేస్తుంది? పైగా కుమా నది మీద ఎగువన ఇచిఫుస డ్యామ్ 1960 నుంచి ఉంది. 2020లో ఆ పొద్దున అది నిండే దశకి వచ్చి, అత్యవసరంగా నీళ్లు వదులుతున్నామని ప్రకటించారు, చివరి గంటల్లో వాన తగ్గబట్టి వదల్లేదు. వదిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకోండి. డ్యామ్ ఉందనే ధైర్యంతో జనం ఇళ్లలోనే ఉండిపోతే అదింకా ప్రమాదం.

ఇంకొకటి, ఆ ఊరు బతికేదే నది మీద. సగర వంశం దాదాపు 700 ఏళ్లు అక్కడే ఏలింది, కోటకి ఒక పక్క కందకం బదులు నదే. 1660ల్లో హయషి మసమోరి అనే ఆయన నదిలో బండరాళ్లు పగలగొట్టించి, నది సముద్రంలో కలిసే యత్సుషిరో దాకా పడవలు నడిచేలా చేశాడు, ఈనాటి పడవ విహారాలకి మూలం అదే. బియ్యంతో చేసే కుమా షోచూ మద్యానికి 1995 నుంచి భౌగోళిక గుర్తింపు ఉంది, దానికి ఆ నీళ్లే ప్రాణం. వేడినీటి ఊటల వసతిగృహాలు, అయు చేపల వేట, అన్నీ ఏటి చుట్టూనే. కవబె నీళ్లు దేశంలోనే శుభ్రమైనవని ఏటేటా పేరు తెచ్చుకున్నవి.

నీటిలెక్క:
కానీ ఇప్పుడు అనుకున్నది పాత రకం డ్యామ్ కాదు. అడుగున నది మట్టంలోనే తూములుంటాయి, మామూలు రోజుల్లో ఏరు ఏరులాగే పారుతుంది, వరదప్పుడే నీళ్లు ఆగుతాయి. చేపలు కూడా దాటేలా కడతామంటున్నారు. చిన్న ఏళ్ల మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ పెద్ద నది మట్టం దిగితే చిన్న ఏటి నీళ్లు పోవడానికి దారి దొరుకుతుంది, రెండూ వేరు వేరు సమస్యలు కావు.

ఏటిగట్టు:
వరద ఆగినన్నాళ్లు వెనక పేరుకున్న బురద మాటేమిటి? నీళ్లు దిగాక అదంతా అయు గుడ్లు పెట్టే గులకరాళ్ల మీదికే వస్తుంది. అదే నది మీద కింద అరసె డ్యామ్‌ని 2012 నుంచి 2018 వరకు పడగొట్టారు, జపాన్‌లో అంత పెద్ద డ్యామ్ తీసేయడం అదే మొదలు. తీశాక ఏరు తేరుకోవడం అక్కడి జనం కళ్లారా చూశారు. వాళ్లకి ఇప్పుడు ఇంకో డ్యామ్ మంచిదేనని ఎలా నచ్చజెబుతారు?

ముంపుఊరు:
మీ ఇద్దరూ హితోయోషి గురించే మాట్లాడుతున్నారు. పైన ఇత్సుకి అనే పల్లె ఉంది, డ్యామ్ కడితే నీళ్లొచ్చేది అక్కడికి. జోలపాటకి దేశమంతా పేరున్న ఊరు. ఏళ్లతరబడి వద్దని పోరాడి, చివరికి కింది ఊళ్లవాళ్ల ప్రాణాల కోసమని ఒప్పుకుని ఇళ్లు వదిలి గట్టు మీదికి వెళ్లారు. దాదాపు అందరూ కదిలాక 2008లో డ్యామే వద్దన్నారు. ఇప్పుడు మళ్లీ కావాలంటున్నారు. అరవైల్లో అయిదు వేలు దాటిన జనాభా ఇప్పుడు వెయ్యి చుట్టూ ఉంది. మా తాతగారి ఊరు శ్రీశైలం ముంపులో పోయింది, ఎండాకాలం నీళ్లు దిగితే గుడి మొండిగోడలు చూడ్డానికి వెళ్లేవాడు. మాకు కనీసం ఒకసారే చెప్పారు, పొమ్మని. వీళ్ల బతుకు మూడుసార్లు మార్చారు. కట్టినా కట్టకపోయినా ముందు ఆ ఊరికి లెక్క తేల్చాలి.

కుమమోతోవాసి:
ఇత్సుకి సంగతి నాకు ఇంత తెలియదు, చెప్పినందుకు థాంక్స్. అయినా నా మాట మార్చుకోలేను. స్టేషన్ దగ్గర ఒక పెద్దావిడ స్తంభం మీద వరద గుర్తు చూపించింది, నా తల మీద ఇంకో మనిషి నిలబడ్డా అందనంత ఎత్తు. 1908లో కట్టిన ఇనుప రైలు వంతెనలు కూడా కొట్టుకుపోయాయి, యత్సుషిరో వైపు రైలు ఇంకా రావట్లేదు. ఆవిడ డ్యామ్ కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. వాన పెద్దదైతే రాత్రిళ్లు నిద్ర పట్టదంది.

ఏటిగట్టు:
డ్యామ్ పూర్తయ్యేది 2035లో అంటున్నారు. అప్పటిదాకా వచ్చే ప్రతి జూన్, జూలై ఆవిడ ఎలా గడపాలి? వరి మళ్లలో గట్లు పెంచి వాన నీళ్లు కాసేపు ఆపే పని అక్కడ ఇప్పటికే మొదలైంది. దాన్ని పెంచండి, నదిలో మేట తియ్యండి, అర్ధరాత్రి ముసలివాళ్లని పైకి చేర్చడానికి ఎవరింటికి ఎవరు వెళ్లాలో వీధివీధికీ రాసిపెట్టండి.

నీటిలెక్క:
ఇవన్నీ చెయ్యాల్సిందే, ఇందులో నాకు పేచీ లేదు. డ్యామ్ దగ్గరే మనకి కుదరట్లేదు.