అప్‌డేట్: ప్యానెల్ మీద గుంటలు పోయాయి, కారణం నేననుకున్నది కాదు

మూడు వారాల కింద అడిగా కదా, జీడిమెట్లలో మా షెడ్డులో వాటర్ బేస్డ్ ఎపాక్సీ పెయింట్ కొడితే స్టీలు ప్యానెల్ మీద చేపకళ్ళలా గుంటలు పడుతున్నాయి, ఫ్లోరో సర్ఫాక్టెంట్ (పెయింట్ బాగా పరుచుకోవడానికి కలిపే ఫ్లోరిన్ ఉన్న మందు) ఇంకా పెంచాలా అని. పెంచకూడదండీ.

గన్‌కి గాలి పంపే కంప్రెసర్ చూడమన్న అన్నకి దండం. స్ప్రే గన్ తీసేసి ఉత్త గాలికి తెల్ల కాగితం అడ్డంపెట్టి నిమిషం ఆగితే సన్నటి నూనె చుక్కలు, సూది మొనంత, కాగితం నిండా. గాలి లైను ఫిల్టర్ మార్చాం, సగం గుంటలు అక్కడే పోయాయి. మిగతావి ప్యానెల్ మీది నూనె, గ్రీజు సరిగ్గా తుడవకపోవడం (డీగ్రీజ్ చేయకపోవడం) వల్లే.

నీళ్ళ సర్ఫేస్ టెన్షన్ (పరుచుకోకుండా చుక్కగా ముడుచుకునే లాగుడు) 72 mN/m, నూనె మరకది 30 దగ్గర, అందుకే పెయింట్ మరక మీద పరుచుకోకుండా వెనక్కి జరుగుతుంది, ఫ్లోరో రకం నీళ్ళ టెన్షన్‌ని 20 కిందికి కూడా దించగలదు కాబట్టి చిటికెడు చాలు, మేమేమో 0.3 శాతం పోసేసి నురగ తెచ్చుకున్నాం, పైగా రెండో కోటు పట్టుకోలేదు, టేపు అంటించి లాగితే పొరలా ఊడొచ్చింది. ఇప్పుడు 0.05 శాతమే, ముందే నీళ్ళలో పలచన చేసి, మిక్సర్ తిరుగుతుండగా మెల్లగా పోస్తున్నాం.

పీఫాస్ (ప్రకృతిలో ఏళ్ళ తరబడి పోని ఫ్లోరిన్ రసాయనాలు) గురించి అడిగినవాళ్ళకి: వాటిలో ఒకటైన పీఎఫ్ఓఎస్‌ని 2009లోనే స్టాక్‌హోం ఒప్పందంలో (ఇలాంటి రసాయనాల్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) పెట్టారు, మా సరుకులో అది లేదని సప్లయర్ దగ్గర రాయించుకున్నా. అయినా షార్ట్ చైన్‌వీ (చిన్న కార్బన్ గొలుసు ఉన్న పీఫాస్) మట్టిలో విరిగిపోయి మాయమయ్యే రకం కాదు. గన్ కడిగిన నీళ్ళు కాలవలోకి వదలడం ఆపేశాం, డ్రమ్ముల్లో పడుతున్నాం. ఫ్లోరిన్ లేని సిలికాన్ రకం శాంపిల్ వచ్చే వారం వస్తుంది, ట్రయల్ వేసి ఫొటోలు పెడతా.