అప్‌డేట్: అమ్మ కోసం ఏడిస్తే అవిశ్వాసమా అని అడిగాను కదా

పోయిన నెల అడిగాను, గుర్తుందా? అమ్మ భూస్థాపన రోజు నేను ఏడుస్తుంటే ఒక పెద్దాయన "విశ్వాసులు ఏడవకూడదమ్మా" అన్నారు. ఆ మాట గుచ్చుకుని ఉండిపోయింది.

మీరు చెప్పిన బైబిల్ వచనాలన్నీ చదివాను. ఆ పెద్దాయన చూపించింది 1 థెస్సలొనీకయులు 4:13. అందులో దుఃఖపడొద్దని లేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని ఉంది. ఆ ఒక్క ముక్క వదిలేస్తే అర్థమే మారిపోతుంది! చనిపోయిన లాజరును కాసేపట్లో బతికించబోతూ కూడా యేసు కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35). విశ్వాసం కోసం చంపబడిన స్తెఫనును పాతిపెట్టి బాగా ఏడ్చినవాళ్లను అపొస్తలుల కార్యములు 8:2 భక్తిపరులనే అంటుంది. మోషే చనిపోతే ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చారు.

నన్ను కదిలించింది మాత్రం యొప్పే అనే ఊళ్లోని దొర్కా అనే విశ్వాసి. ఆమె చనిపోతే విధవరాళ్లు ఏడుస్తూ, ఆమె కుట్టిన అంగీలు, బట్టలు అపొస్తలుడు పేతురుకు చూపించారు (అపొస్తలుల కార్యములు 9:39). మా అమ్మా వీధిలో వాళ్లకు జాకెట్లు కుట్టేది. అది చదివాక పుస్తకం మూసేసి చాలాసేపు ఏడ్చాను.

పెద్దాయనతో ఇంకా మాట్లాడలేదు. టెన్షన్‌గా ఉంది. నాన్నకు మాత్రం ఆ వచనం చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్లి అమ్మ మిషన్ మీద దుమ్ము తుడిచారు.