ఓర్లాండోలో జంతు సంక్షేమ సభకు పిలుపు: అనుమతులు, సామాను, ఏ సెషన్లు?

పెన్నేటి గట్టు (అనంతపురం)
వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించి, రేబిస్ టీకాలు వేయించే చిన్న ట్రస్టు మాది. జూన్‌లో ఫ్లోరిడాలో, ఓర్లాండో డిస్నీ రిసార్టులో జరిగే జంతు సంక్షేమ సభకు ఇద్దరికి పిలుపొచ్చింది. ట్రస్టు నుంచి ఒకరు, మాతో పనిచేసే మునిసిపల్ పశువైద్యుడు ఒకరు. సభ ఫీజు మాఫీ, రూము వాళ్లదే, విమానం టికెట్లు మావి. ఇక్కడ ఏ అనుమతులు తీసుకోవాల? ఏం పట్టుకుపోకూడదు? సెషన్ల జాబితా చాంతాడంత ఉంది, మన పనికొచ్చేవి ఏవి?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
ముందు డాక్టరు గారి ఫైలు కదిలించండి, ఆలస్యమయ్యేది అదే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2010 సెక్షన్ 6 ప్రకారం ప్రభుత్వోద్యోగి విదేశీ సంస్థ ఖర్చుతో బస, భోజనం, ప్రయాణం తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతి ఉండాల. ఫారం ఎఫ్‌సీ-2, ఆన్‌లైన్‌లో పెట్టాల. ప్రయాణానికి రెండు వారాల ముందు చేరాలంటారు గానీ, దానికి జతచేయాల్సిన శాఖ క్లియరెన్స్ బల్లబల్లకూ ఆగుతూ వస్తుంది. ఆహ్వాన పత్రం చేతికందిన రోజే మొదలుపెట్టండి. ఫీజు మాఫీతో పేచీ లేదు, ఉచిత రూముతోనే ఇదంతా.

ట్రస్టు మనిషికి సెక్షన్ 6 వర్తించదు. కానీ "రూము బాడుగ మీ ట్రస్టు ఖాతాకు పంపుతాం" అంటే ఒప్పుకోవద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేకుండా ఆ ఖాతాలో డాలర్లు పడితే నేరం. రిజిస్ట్రేషన్ ఉన్నా 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాల. హోటలుకు నేరుగా వాళ్లనే కట్టమనండి.

వీసా బీ1 చాలు. దరఖాస్తు ఫీజు 185 డాలర్లు, వీసా రాకపోయినా తిరిగివ్వరు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160 మళ్లీ నింపితే కొత్త నంబరు వస్తుంది, అపాయింట్‌మెంటులో కూడా మార్చుకోకపోతే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు. వీసా ముద్ర పడేదాకా టికెట్లు కొనొద్దు.

చీనీ తోట (అనంతపురం)
సామాను సంగతి నేను చెప్తా, చాలామంది తేలిగ్గా తీసుకునేది ఇదే.

దిగగానే కస్టమ్స్‌లో "పశువుల దగ్గరికి వెళ్లారా" అని అడుగుతారు. మన పనిలో వెళ్లకుండా ఎట్లా ఉంటాం? అవునని చెప్పండి. అమెరికాలో 1929 తర్వాత పశువుల గాలికుంటు వ్యాధి లేదు, మన దగ్గర ఉంది. వైరస్ బూట్ల మట్టిలో పోతుందని వాళ్ల భయం. గొర్రెల దొడ్లో, గోశాలలో తొడిగిన బూట్లు ఇంట్లో పెట్టి వేరే జత వేసుకోండి. తప్పదంటే అడుగున గాళ్లలోని మట్టిని బ్రష్‌తో తీసి, సబ్బునీళ్లతో కడిగి, ఎండబెట్టి తీసుకుపోండి. తడిగా ఉంటే ఇంకా అనుమానం.

కరివేపాకు, పచ్చిదైనా ఎండినదైనా, ఆకు రూపంలో వద్దే వద్దు. నిమ్మజాతికి గ్రీనింగ్ తెగులు అంటించే సిల్లా పురుగు కరివేప మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడాలో ఈ తెగులు 2005లో బయటపడింది, ఇప్పుడు నారింజ దిగుబడి అప్పటి దాంట్లో పదో వంతు కూడా లేదు. చీనీ చెట్టు ఎండిపోవడం చూసిన మన జిల్లా రైతుకు వాళ్ల కోపం అర్థమవుతుంది. చీనీకాయలు, మాంసం కూడా అంతే. ఉన్నదేదో రాసిచ్చేస్తే తీసి పారేసి వదిలేస్తారు, దాస్తేనే జరిమానా.

ఆపరేషన్‌కు మత్తిచ్చే కెటమిన్, జైలజిన్ సీసాలు శాంపిలుకైనా వద్దు, కెటమిన్ రెండు దేశాల్లోనూ మత్తుమందుల నియంత్రణ చట్టం కిందే ఉంది. కత్తెరలు, బ్లేళ్లు చెక్-ఇన్ పెట్టెలో, బ్యాటరీలు చేతి సంచిలో.

గండికోట నీడ (కడప)
రిసార్టు గురించి. ఎయిర్‌పోర్టు నుంచి డిస్నీ ఉచిత బస్సు 2022 జనవరిలో ఆగిపోయింది, పాత పేజీల్లో ఇంకా ఉందనే రాసుంటుంది. షటిలో ట్యాక్సీయో ముందే మాట్లాడుకోండి. పార్కులకు మాత్రం రిసార్టు బస్సులు ఉచితమే. రూములు విడివిడి భవనాల్లో ఉంటాయి, సభా మందిరానికి దగ్గరి భవనం ఇమ్మని ముందే రాయండి. లేకుంటే రోజంతా నడకే. చెక్-ఇన్ అప్పుడు కార్డు మీద డిపాజిట్ ఆపుతారు. ఫారెక్స్ కార్డు ఇస్తే ఆ డబ్బు విడుదలయ్యేసరికి మీరు అనంతపురంలో ఉంటారు, క్రెడిట్ కార్డు ఇవ్వండి.

ఎండ మన దాంట్లో సగం కూడా అనిపించదు, 32, 33 డిగ్రీలే. కానీ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. మధ్యాహ్నం ఉరుములు, వాన. హాల్లో మాత్రం ఏసీ చలి, స్వెటర్ పెట్టుకోండి. ఇట్లాంటి సభల్లో చాలావాటిలో వీగన్ భోజనమే, పెరుగన్నం మీద ఆశ వదులుకోండి.

సెషన్లకొస్తే, అక్కడి కుక్కల సెషన్లు ఎక్కువగా షెల్టరు, దత్తత గురించే. మన 2023 జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనలు కుక్కను పట్టిన చోటే వదలమంటాయి కాబట్టి అవి పెద్దగా అతకవు. వీధి పిల్లులను పట్టి, ఆపరేషన్ చేసి, అక్కడే వదిలే సెషన్లకు పోండి, లెక్క మన పనిదే. ఎక్కువ సంఖ్యలో ఆపరేషన్ల సెషన్‌కు డాక్టరు గారు తప్పక కూర్చోవాల. వాళ్లు పొట్ట మధ్యలో కోస్తారు, మన దగ్గర చాలాచోట్ల కుడి పక్క నుంచి. కోత చోటు వదిలేసి, కోత పొడవు, కుట్టే తీరు, నొప్పి మందు మోతాదు, వదలడానికి ఎన్ని గంటలు ఆగుతారు అనేవి అడగండి. వార్డులవారీగా మీ టీకా లెక్కలు తీసుకుపోండి, 70 శాతం దాటిన వార్డులెన్ని అనేదే మొదటి ప్రశ్న అవుతుంది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)
విపత్తుల సెషన్ ఉంటే అదీ వదలొద్దు. కట్రినా తుపాను తర్వాత 2006లో వాళ్లు తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులనూ చేర్చాలని చట్టం చేసుకున్నారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పుడు మన ప్రణాళికలో పశువులు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు.

పెన్నేటి గట్టు (అనంతపురం)
అందరికీ ధన్యవాదాలు. అక్కడ స్టాళ్లలో వెంట్రుకలు తీసే క్లిప్పరు, కుక్క ఒంట్లో పెట్టిన గుర్తింపు చిప్ చదివే స్కానరు కొనొచ్చా?

గండికోట నీడ (కడప)
క్లిప్పరు అడాప్టరు మీద 100-240 అని ఉంటేనే. 120 మాత్రమే అని ఉంటే మన 230 వోల్టులకు పెట్టిన క్షణంలో కాలిపోతుంది. పిన్ను మార్చే ప్లగ్గు వోల్టేజీని తగ్గించదు. స్కానరు 134.2 కిలోహెర్ట్జ్ చిప్ చదువుతుందా అని చూడండి, పాత అమెరికా చిప్‌లలో చాలావరకు 125వి, అది మాత్రమే చదివే స్కానరు మన కుక్కల మీద మూగబోతుంది. మీ చిప్ ఒకటి కవరులో తీసుకుపోయి స్టాల్లోనే చదివించి చూడండి.