ఇంట్లో వెబ్ సర్వర్‌ని రూట్‌గా నడపొచ్చా?

అల్లూరు గుంటలు:
మాకు నాలుగు రొయ్యల గుంటలు. మేత, నీళ్ల సాలినిటీ (ఉప్పదనం), కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో) రాసుకునేందుకు ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద ఉబుంటు లైనక్స్ వేసి పైథాన్‌లో వెబ్ పేజీ చేశా. నాన్న గట్టు మీద నుంచే ఫోన్లో చూసుకుంటాడు. వెబ్ పేజీలకు వాడే 80 నంబరు పోర్టు (బయటి నుంచి కంప్యూటర్లోకి వచ్చే దారి) ఇవ్వనంటే సుడో (రూట్ అధికారంతో నడిపే ఆదేశం) కొట్టా, నడిచింది. రూట్‌గా, అంటే మిషన్ మీద అన్ని అధికారాలూ ఉండే యూజర్‌గా, నడపొద్దని ఫ్రెండు గొడవ. ఇద్దరు ముగ్గురు చూసే పేజీకి కూడా అంత ప్రమాదం ఉంటుందా?

ఒంగోలు లైనక్స్:
ఉంటుంది తమ్ముడూ. 1024 కంటే తక్కువ నంబరు పోర్టు తెరవాలంటే లైనక్స్ మామూలుగా రూట్ అడుగుతుంది, నిజమే. కానీ ఆ అవసరం పోర్టు తెరిచేంతవరకే. ఉబుంటులో అపాచీ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాం కూడా రూట్‌గానే లేచి, పోర్టు పట్టుకున్నాక, వచ్చినోళ్లకు జవాబిచ్చే పని ఒక మామూలు యూజర్‌కి అప్పజెబుతుంది. నీ ప్రోగ్రాం మాత్రం పొద్దస్తమానం రూట్‌గానే ఉంటుంది. అడ్రసులో ../ (పై ఫోల్డరుకి పొమ్మనే గుర్తు) పెట్టి ఫోల్డరు దాటి పోగలిగితే పాస్‌వర్డ్ హ్యాష్‌లు (గుర్తు పట్టలేకుండా మార్చిన పాస్‌వర్డ్‌లు) ఉండే షాడో ఫైలు కూడా చదివేస్తారు. మామూలు యూజర్‌కి ఆ ఫైలు తెరుచుకోదు. ఇట్లాంటి తప్పు 2021లో అపాచీ 2.4.49లోనే బయటపడింది, ఇక మనం రాసిన కోడ్ ఎంత?

చీమకుర్తి రాయి:
ఒప్పుకోనన్నా. ఇంట్లో మిషన్‌కి ఉండేది ఒక్క యూజర్. ఫోటోలు, లెక్కలు, బ్రౌజర్లో పాస్‌వర్డ్‌లు అన్నీ ఆ యూజర్ దగ్గరే. రూట్ కాకపోయినా పోవాల్సినవన్నీ పోతాయి. పైగా అల్లూరు గుంటల లెక్క ఎవరికి కావాలి?

ఒంగోలు లైనక్స్:
మొదటి మాట సరైందే. అందుకే సొంత యూజర్ కాదు, సర్వర్ కోసమే విడిగా ఒక యూజర్‌ని చెయ్యమంటా. రెండోది మాత్రం కాదు. వెతికేది మనుషులు కాదు, ప్రోగ్రాములు; వాటికి ఊరూ పేరూ అక్కర్లేదు. 2001 జులైలో కోడ్ రెడ్ పురుగు (తనంతట తానే పాకే వైరస్ లాంటి ప్రోగ్రాం) 14 గంటల్లోపే దాదాపు 3,59,000 కంప్యూటర్లకు పాకింది. మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ అనే వెబ్ సర్వర్‌లో సందు దొరికింది, ఆ కోడ్ సిస్టమ్ (విండోస్‌లో రూట్ లాంటిది) అధికారంతో నడుస్తుండటంతో మిషన్ మొత్తం దాని చేతికొచ్చింది. తమ్ముడూ, నీ సర్వర్ లాగ్ (ఎవరెవరు ఏ పేజీ అడిగారో రాసిపెట్టే ఫైలు) ఒకసారి తెరిచి చూడు.

అల్లూరు గుంటలు:
చూశానన్నా. ఎవరెవరో వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు చేసే సాఫ్ట్‌వేర్) లాగిన్ పేజీ కావాలని వరసబెట్టి అడిగారు. నా దగ్గర వర్డ్‌ప్రెస్సే లేదు! రాత్రే ఆపేశా. పైథాన్‌కి సెట్‌క్యాప్ ఆదేశంతో చిన్న నంబరు పోర్టు తెరిచే అధికారం ఒక్కటే ఇస్తే సరిపోద్దా?

ఒంగోలు లైనక్స్:
వద్దు. పైథాన్‌కిస్తే ఆ మిషన్లో నడిచే ప్రతి పైథాన్ ప్రోగ్రాముకీ ఇచ్చినట్టే. రౌటర్లో బయటి 80ని లోపల 8080కి మళ్లించు, అది 1024 దాటింది కాబట్టి రూట్ అక్కర్లేదు.

చీమకుర్తి రాయి:
ఇది బాగుంది. కానీ గుంటల లెక్కలు ఆ కొత్త యూజర్ చేతిలోనే ఉంటాయిగా, వాటిని ఏ రోజుకారోజు పెన్‌డ్రైవ్‌లోకి తీసి పక్కన పెట్టు.

అల్లూరు గుంటలు:
కొత్త యూజర్‌తో పేజీ వస్తోంది గానీ, మేత ఎక్కించబోతే డేటాబేస్ రాయనివ్వట్లేదు. 777 (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు అనే అనుమతి) ఇచ్చేదా?

ఒంగోలు లైనక్స్:
ఇవ్వొద్దు. సుడోతో నడిపినప్పుడు పుట్టిన ఫైలది, ఇంకా రూట్ పేరు మీదే ఉంది. ఆ ఫైలునీ, అదుండే ఫోల్డరునీ చౌన్ (ఫైలు ఓనర్‌ని మార్చే ఆదేశం)తో కొత్త యూజర్ పేరు మీదికి మార్చు.

అల్లూరు గుంటలు:
మార్చా. పొద్దుటి మేత నాన్నే గట్టు మీద నుంచి ఎక్కించాడు.