నెపోలియన్‌ను అధికారం చెడగొట్టిందా, ముందునుంచే అంతేనా?

ప్రశ్న వేసినవారు:
జార్జ్ ఆర్వెల్ నవల 'యానిమల్ ఫామ్' (1945) మళ్ళీ చదివాను. యజమాని జోన్స్‌ను తరిమేసి పశువులే పొలం నడుపుకునే కథ. అధికారం తలకెక్కి నెపోలియన్ అనే పంది పాడైపోయిందని అందరూ అంటారు. నేనొప్పుకోను. పాలు మాన్పించిన తొమ్మిది కుక్కపిల్లల్ని నెపోలియన్ తల్లుల దగ్గర్నుంచి తీసుకెళ్ళి అటక మీద పెంచింది ఎప్పుడు? అప్పటికింకా ఆదివారం సభలు జరుగుతున్నాయి, ఓట్లు వేస్తున్నారు, పోటీకి స్నోబాల్ అనే ఇంకో పంది ఉన్నాడు. తర్వాత అతన్ని తరిమించింది ఆ కుక్కలతోనే. పెత్తనం పూర్తిగా చేతికి రాకముందే ప్లాన్ సిద్ధం. బుద్ధే అలాంటిదైతే కుర్చీని తిట్టి ఏం లాభం?

మొదటి జవాబు:
కుక్కపిల్లల సంగతి సరేనండి, మరి పాల సంగతో? జోన్స్‌ను తరిమిన మర్నాడే పందులు ఆవుల్ని పితికితే ఐదు బకెట్ల పాలొచ్చాయి. పాల సంగతి తర్వాత చూద్దాం, ముందు కోతకు పదండంటూ నెపోలియన్ బకెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. సాయంత్రానికి పాలు మాయం! రోజూ పందుల కుడితిలో కలుస్తున్నాయని తర్వాత తెలిసింది. ఆపిల్ పండ్లూ వాళ్ళకే. ప్రతిదానికీ కొట్టుకునే స్నోబాల్, నెపోలియన్ ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీదున్నారు. స్నోబాల్‌దీ పుట్టుబుద్ధేనా?

పైగా పందుల తరఫున మాట్లాడే స్క్వీలర్ అనే పంది చెప్పిన సాకు చూడండి: మాకవి ఇష్టమే లేవు, మీకోసమే తాగుతున్నాం, మేం నీరసపడితే జోన్స్ తిరిగొస్తాడు. అంతే, ఇంకెవరూ నోరెత్తలేదు. కథ మలుపు తిరిగేది ఈ పాలూ ఆపిల్ పండ్ల దగ్గరేనని 1946లో అమెరికన్ విమర్శకుడు డ్వైట్ మెక్‌డొనాల్డ్‌కు రాసిన ఉత్తరంలో ఆర్వెలే చెప్పాడు. కుక్కలు బయటికొచ్చింది చాలా తర్వాత.

మరొకరు:
బుద్ధి మంచిదైతే చాలనే వాదన పాతదే. 1944లో ఫేబర్ అనే ప్రచురణ సంస్థ తరఫున ఈ పుస్తకాన్ని తిప్పి పంపుతూ కవి టి.ఎస్. ఎలియట్ ఇంచుమించు అదే రాశాడు: పందులు తెలివైనవి, పాలించడానికి అవే తగినవి, కావాల్సిందల్లా ప్రజల మేలు కోరే పందులని. ఆ మంచి పందికి ఎదురుగా ఐదు బకెట్లు పెట్టి, లెక్క అడిగేవాళ్ళు లేకపోతే? ఎలియట్ ఆ ఊసే ఎత్తలేదు.

ప్రశ్న వేసినవారు:
లెక్క అడగాల్సిన వాళ్ళ బుద్ధి మాత్రం చర్చకు రాదా? గాడిద బెంజమిన్‌కు పందులతో సమానంగా చదవొచ్చు. అర్ధరాత్రి నిచ్చెన విరిగి, ఆజ్ఞలు రాసిన గోడ కింద రంగు డబ్బా పక్కన స్క్వీలర్ పడి ఉంటే, ఆజ్ఞల్ని దొంగచాటుగా మార్చేస్తున్నారని అక్కడున్న వాళ్ళలో అర్థమైంది బెంజమిన్‌కొక్కడికే. తలూపి ఊరుకున్నాడు. కష్టజీవి గుర్రం బాక్సర్‌ను కబేళా బండి ఎక్కించాక కదా గొంతు చించుకున్నాడు! అతన్ని ఏ అధికారం చెడగొట్టిందో చెప్పండి.